అమ్మ తెచ్చిన దొండ తీగ ఎయిర్‌పోర్టులో బుట్టపాలు: మన దొండ కూడా కలుపేనా?

తెనాలి సుమ:

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కి వచ్చి ఆరేళ్ళయింది. పోయిన నెల అమ్మ మొదటిసారి మా ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ పెరట్లో దొండ పాదు నుంచి మంచి ముదురు తీగ చూసి నాలుగు కణుపుల ముక్కలు కోసి, పాత చీర ముక్క తడిపి చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి సూట్‌కేసులో పెట్టింది. నాకు చెప్పలేదు. విమానంలో ఇచ్చిన కార్డులో మొక్కలు, విత్తనాలు ఉన్నాయా అని అడిగితే మాత్రం నిజాయితీగా "ఉన్నాయి" అని టిక్ పెట్టింది.

దిగాక పక్కకి తీసుకెళ్ళారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆఫీసరమ్మ చీర ముక్క విప్పి, తీగని చేతిలో తిప్పి తిప్పి చూసి, ఏదో చెప్పి పసుపు రంగు బుట్టలో పడేసింది. ఫైన్ వెయ్యలేదు, కేకలెయ్యలేదు. చీర ముక్క కూడా పోయింది. అమ్మ బాధ దాని గురించే ఎక్కువ, అది మా అమ్మమ్మ చీర.

నాకు అర్థం కానిది వేరే. పురుగులు, తెగుళ్ళు వస్తాయని ఆపారంటే ఒప్పుకుంటాను. కానీ ఇంటికొచ్చాక వెతికితే చాలా చోట్ల దొండని "కలుపు మొక్క" అని రాశారు. మా ఊళ్ళో దొండకి నీళ్ళు పెట్టి, పందిరి కట్టి, పండు ఈగ కొట్టకుండా కాపలా కాసి, అప్పటికీ వారానికి అరకిలో కాయలొస్తే పండగ. దాన్ని కలుపంటే ఎలా? ఒక మొక్క దేశంలోకి రావచ్చా లేదా అన్నది ఎవరు, ఏం చూసి తేలుస్తారు? తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది, "మన దొండ వీళ్ళనేం చేసింది" అని.

పెర్త్ బావ:

అక్కా, టిక్ పెట్టడమే అమ్మ చేసిన తప్పు. కందిపొడి డబ్బా అడుగున పెట్టుకుని వచ్చేవాళ్ళని నేను చూశాను.

కమలాపురం మనిషి:

పెర్త్ బావా, ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వొద్దు. దాచి తెచ్చి దొరికితే అక్కడికక్కడ ఫైన్ పడుతుంది, కొన్ని సందర్భాల్లో వీసా కూడా రద్దవుతుంది. సుమ గారూ, అమ్మగారు చెప్పబట్టే చీర ముక్కతో సరిపోయింది.

నా సంగతి ముందు చెప్తా. బాపట్లలో ఏజీ బీఎస్సీ చేసి ఇక్కడికొచ్చి, ఒక చిన్న కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) పదకొండేళ్ళుగా కలుపు తీసే పని చేస్తున్నా. ఆఫీసులో కూర్చుని అనుమతులిచ్చేవాణ్ణి కాదు. వీపుకి డ్రమ్ము తగిలించుకుని వాగుల్లో దిగేవాణ్ణి. కాబట్టి నా మాటలో కొంచెం కసి ఉంటుంది, సర్దుకోండి.

చేరిన మొదటి వారం వాగు ఒడ్డున ఒక తీగ చూశాను. గుండె ఆకారపు దళసరి ఆకు, నున్నగా, నలిపితే జిగురు. అచ్చం బచ్చలి. ఇంటికి కోసుకెళ్దామా అనుకున్నా. ఇది మదీరా వైన్ అనీ, బచ్చలి కుటుంబంలోదేననీ, దక్షిణ అమెరికా నుంచి ఇంటి ముందు అందానికి తెచ్చుకున్నారనీ మా సూపర్‌వైజర్ చెప్పింది. ఉత్సాహంగా ఒక తీగ పట్టి లాగాను. పైన చెట్టంతా కదిలి, తీగ కణుపుల దగ్గర కాసిన బుడిపెలు, చిన్న చిన్న చేమదుంపల్లా, నా టోపీ మీద వడగళ్ళలా రాలాయి. ఆవిడ తల పట్టుకుంది. రాలిన ప్రతి బుడిపే ఒక మొక్కవుతుంది. అందుకే దాన్ని లాగకూడదు. చెట్టు మీదే ఉంచి, కాండం ఒక పక్క తొక్క గీరి, ఆ గీరిన చోట బ్రష్షుతో మందు పూయాలి. తీగ తీగకీ మోకాళ్ళ మీద కూర్చుని. ఆ వాగులో ఆ పని నాలుగేళ్ళు చేశాం. ఎవరో ఒకాయన వరండాకి నీడ కోసం పెంచిన తీగ అది.

ఇప్పుడు మీ ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు పద్ధతి ఏంటంటే, నిషేధించిన మొక్కల జాబితా ఒకటి ఉండేది. అందులో లేనివన్నీ రావచ్చు. 1997 నుంచి దాన్ని తిరగేశారు. కొత్త మొక్క ఏదైనా సరే, ముందు పరీక్ష పాసయితేనే లోపలికి. ఆ పరీక్ష పేరు వీడ్ రిస్క్ అసెస్‌మెంట్. పశ్చిమ ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖలో పని చేసిన పాల్ ఫెలూంగ్ దాన్ని తయారుచేశాడు. మొత్తం 49 ప్రశ్నలు. చాలావాటికి అవును, కాదు, తెలియదు, అంతే. మన పరీక్షలకి ఉల్టా: మార్కులు ఎక్కువొస్తే ఫెయిల్. సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రానిస్తారు. 1 నుంచి 6 మధ్య వస్తే ఇంకా లోతుగా చూడాలంటారు. 6 దాటిందా, గుమ్మం బయటే. అన్నిటికీ జవాబు దొరకకపోయినా ఫరవాలేదు గానీ, కనీసం పదింటికైనా దొరకాలి.

నిన్న రాత్రి అన్నం తిన్నాక సరదాగా మీ అమ్మగారి దొండని ఆ ఫారంలో కూర్చోబెట్టాను. ఇది ఆఫీసు లెక్క కాదు, నా లెక్క.

మొదటి ప్రశ్నే మనకి అనుకూలం అనుకుంటాం: ఈ మొక్కని మనుషులు బాగా మచ్చిక చేసుకున్నారా? అవునంటే మూడు మార్కులు తీసేస్తారు. కానీ అవునని రాయాలంటే కనీసం 20 తరాలు ఎంపిక చేసి పెంచి ఉండాలి, ఆ పెంపకంలో దాని మొండితనం తగ్గి ఉండాలి. వరి, టమాటా అలాంటివి. మన పెరటి దొండకీ కంచె మీద పాకే కాకి దొండకీ తేడా ఎంత? కాయ చేదు పోయింది, అంతే. కాండం, వేరు, పాకే గుణం అన్నీ అవే. ఆ మూడు మార్కులు నేను తియ్యలేదు.

తీగలా పాకి పక్క మొక్కల్ని కప్పేస్తుందా? అవును. ముక్క గుచ్చితే బతుకుతుందా? అమ్మగారు అందుకే కదా కణుపులు చూసి కోశారు. నరికితే మళ్ళీ చిగురిస్తుందా? కింద దుంప లాంటి వేరుంటుంది, ఎండాకాలం ఎండిపోయిందనుకున్న పాదు తొలకరికి లేవడం మీరూ చూసే ఉంటారు.

మనుషులు కావాలని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్తారా అని ఒక ప్రశ్న ఉంది. అక్కడ నేను "సుమ గారి అమ్మ" అని రాసుకున్నాను. ఏమనుకోకండి.

తర్వాతది, పక్షులు విత్తనాల్ని వ్యాపింపజేస్తాయా? ఈ ప్రశ్నకి జవాబు కోసం పరిశోధన పత్రాలు తిరగేస్తారు ఇక్కడి వాళ్ళు. మనకి ఆ అవసరం లేదు. దాని పేరే కాకి దొండ. "కాకి ముక్కుకి దొండపండు" అని సామెత చెప్పుకుంటున్నాం. ఎర్రగా పండి, చీలి, లోపల గుజ్జు కనబడుతుంటే పక్షి రాకుండా ఉంటుందా?

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పడేది ఇంకో చోట: ఈ మొక్క తన దేశం కాని దేశంలో ఎక్కడైనా అడవి పట్టిందా? కలుపై కూర్చుందా? అక్కడి వాతావరణం, ఇక్కడి వాతావరణం కలిస్తే ఈ రకం ప్రశ్న ఒక్కదానికే నాలుగు మార్కుల దాకా పడతాయి. ఇక్కడే దొండ దొరికిపోయింది. హవాయి దీవుల్లో కరెంటు స్తంభాలు, చెట్లు, కంచెలు కనబడకుండా కప్పేసింది. అక్కడ ప్రభుత్వం దాన్ని హానికర కలుపుగా ప్రకటించింది. చేతులతో తీసి, మందులు కొట్టి చాలక, కెన్యా నుంచి దొండని మాత్రమే తినే పురుగుల్ని తెప్పించి వదిలారు. 1996లో కాండం తొలిచే ఒక రెక్కల పురుగు, తర్వాత రెండు రకాల ముక్కు పురుగులు. గ్వామ్‌లోనూ ఇదే గోల.

నా లెక్కలో సగం ఫారం కూడా నిండకుండానే 6 దాటింది.

మన దగ్గర ఎందుకు బుద్ధిగా ఉందంటారా? మీరే రాశారు, పండు ఈగ అని. ఈగ, ముక్కు పురుగు, పేను, మేక, అన్నీ దాని మీద పడి తింటుంటే దానికి పాకే తీరిక ఎక్కడిది? సముద్రం దాటినప్పుడు మొక్క ఒక్కటే వచ్చింది, దాన్ని తినేవాళ్ళంతా అక్కడే ఉండిపోయారు.

మా ఊరి ముచ్చట ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మాది కడప జిల్లా కమలాపురం. 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి, వంటచెరకుకి పనికొస్తుందని మా ఊరి దగ్గర ఒక చెట్టు నాటారు. మద్రాసు అటవీ శాఖ వాళ్ళ పని. మన దేశంలో దాని మొదటి తోటల్లో మాదొకటి. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ. ఇవాళ కడప నుంచి ఎటు పోయినా చెరువుల్లో, బీళ్ళలో, రైలు కట్ట పొడుగునా అదే. మా తాత పొలం గట్టు మీద దాని ముల్లు అరికాల్లో దిగి నేను నెల రోజులు కుంటాను. అదే చెట్టు ఇక్కడ మెస్కీట్ పేరుతో, నీడకీ పశువుల మేతకీ అని తెచ్చుకుంటే, ఇప్పుడు దేశం మొత్తానికీ పెద్ద కలుపుల జాబితాలో ఉంది. ఆ 49 ప్రశ్నలు 1877లో ఎవరైనా అడిగుంటే నా కాలు బాగుండేది.

తెనాలి సుమ:

అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. "సుమ గారి అమ్మ" దగ్గర నవ్వింది, ముల్లు దగ్గర "అయ్యో నాయనా" అంది. కానీ ఆవిడ పాయింటు ఒకటుంది. మేం తెచ్చింది ఆడ పాదు ముక్క మాత్రమే. మగ పువ్వు లేకుండా దొండకి గట్టి గింజ ఎక్కడిది? కాకి తిన్నా మొలవదు కదా అంటోంది.

కమలాపురం మనిషి:

అమ్మగారు మా ప్రొఫెసర్ కంటే బాగా అడిగారు. నిజమే, దొండలో ఆడ పాదు వేరు, మగ పాదు వేరు. దానంతట అదే గింజ కడుతుందా అనే ప్రశ్న కూడా ఫారంలో ఉంది, అక్కడ దొండకి అనుకూలంగానే రాశాను. కానీ అంచనా వేసేది మీ నాలుగు కణుపులకి కాదు, జాతి మొత్తానికి. ఇవాళ మీకు ఆడ తీగ రానిస్తే, రేపు ఇంకొకరి మగ తీగని ఏ కారణం చెప్పి ఆపుతారు? పైగా ఆకు చూసి ఆడా మగా చెప్పగలిగే ఆఫీసరు నాకింకా తగల్లేదు. పువ్వు పూసేదాకా మనకే తెలీదు. గింజే అక్కర్లేదు కూడా. వాన నీటికి కొట్టుకుపోయిన ముక్క వాగు ఒడ్డున వేరు తొడుక్కుంటే చాలు.

డార్విన్ రెడ్డి:

అంతా బాగానే ఉంది గానీ ఒక మాట. అమ్మ చేతిలో నాలుగు కణుపులు పట్టుకున్న ఈ దేశమే, చేతులారా ఏమేం తెచ్చిందో కూడా చెప్పండి.

నేను నార్తర్న్ టెరిటరీలో ఉంటాను. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో గాంబా గడ్డి. ఆఫ్రికా నుంచి 1930లలో పశువుల మేతకని తెచ్చారు, తర్వాత మంచి రకం అని పేరు పెట్టి రైతులకి విత్తనాలిచ్చారు. నాలుగు మీటర్లు పెరుగుతుంది. వానల్లేని నెలల్లో ఎండి నిలబడితే ఇక్కడి మామూలు గడ్డి మంట దాని ముందు అగరొత్తి. చెట్ల తలలు కూడా మాడిపోతాయి. 2008లో దాన్ని కలుపని ప్రకటించారు, అప్పటికి జరగాల్సింది జరిగింది.

1947 నుంచి 1985 దాకా ఉత్తర ఆస్ట్రేలియాకి 463 రకాల మేత మొక్కలు తెచ్చి పరీక్షించారు. పశువులకి నిజంగా ఉపయోగపడినవి 21. కలుపైనవి 60. ఆ 21లోనూ 17 కలుపు జాబితాలో ఉన్నాయి. ఏ ఇబ్బందీ లేకుండా మేలు చేసినవి నాలుగంటే నాలుగు. ఇదంతా ఏ అమ్మా సూట్‌కేసులో తేలేదు.

ఇంకోటి. ఈ పరీక్ష మంచి మొక్కల్ని కూడా కొన్నిటిని ఫెయిల్ చేస్తుంది. అది కూడా చెప్పాలి.

కమలాపురం మనిషి:

రెడ్డి గారూ, గాంబా గురించి మీతో వాదించేదేం లేదు. ఇంకా కలపండి, నాగజెముడు. 1788లో బ్రిటిష్ వాళ్ళ మొదటి ఓడలతో వచ్చిన గవర్నర్ ఫిలిప్, దారిలో బ్రెజిల్‌లోని రియోలో ఆగి నాగజెముడు మొక్కలు, వాటి మీద రంగు పురుగులు ఎక్కించుకున్నాడు. సైనికుల కోట్లకి ఎర్ర రంగు కావాలి మరి. పాకింది ఆ రకం కాదు, తర్వాత వచ్చిన ఇంకో రకం. కానీ 1920ల నాటికి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ కలిపి సుమారు రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్లు ముళ్ళ కిందే. జనం పొలాలు వదిలి పోయారు. 1926లో అర్జెంటీనా పురుగుని వదిలాక ఏడెనిమిదేళ్ళలో తగ్గింది. చిన్‌చిల్లా దగ్గర బూనార్గా అనే పల్లెలో ఆ పురుగు పేరు మీద ఒక హాలు కట్టుకున్నారు. డ్యూటీ మీద అటు పోయినప్పుడు దాని ముందు టీ తాగాను. పురుగుకి గుడి కట్టినట్టే.

ఈ దెబ్బలన్నీ తిన్నాకే ఈ ఫారం పుట్టింది. అమ్మల కోసం పుట్టింది కాదు. ఇవాళ మేత కంపెనీ వాడు కొత్త గడ్డి తెస్తానన్నా అదే 49 ప్రశ్నలు.

మంచి మొక్కలు ఫెయిలవుతాయన్నది ఒప్పుకోవాల్సిందే. తర్వాత చాలా దేశాల్లో దీన్ని పరీక్షించి చూశారు. నిజంగా పాకే మొక్కల్లో పదింట తొమ్మిదింటిని పట్టుకుంటోంది. ఏ హానీ లేనివాటిలో పదింట ఒకటి అన్యాయంగా బయట ఉండిపోతోంది. నాకు ఆ బేరం ఫరవాలేదనిపిస్తుంది, ఎందుకంటే తప్పుగా ఆపిన మొక్కని రేపు రానివ్వొచ్చు. తప్పుగా రానిచ్చిన దాన్ని వెనక్కి పంపడం ఎలాగో నన్నడగండి, నా మోకాళ్ళు చెప్తాయి.

నాకు దీంట్లో నచ్చనిది వేరే ఉంది. ఎప్పుడూ తన ఊరు దాటని మొక్కకి చెడ్డ చరిత్ర ఉండదు. అలాంటిది కొత్తగా వస్తే ఫారంలో సగం ఖాళీలే. నర్సరీ వాళ్ళు ఎప్పుడూ కొత్తదే కావాలంటారు.

కడియం నర్సరీ:

నన్నే అన్నట్టుంది కాబట్టి వచ్చాను. మాది కడియం, నాన్నగారి కాలం నుంచీ నర్సరీ. ఈ థ్రెడ్ రాత్రి చదివి పొద్దున్నే మా షెడ్డులో నిలబడి ఒక పని చేశాను. మేం కొనేవాళ్ళకి ఒక మొక్క గురించి ఏమని చెప్తాం? "నీళ్ళు పెద్దగా అడగదండి. ఏ నేలైనా బతుకుద్ది. మేకలు ముట్టవు. కొమ్మ గుచ్చితే చాలు. ఏడాదిలో గోడ కప్పేస్తుంది." కమలాపురం ఆయన రాసిన ఫారం ఇదే కదా! మేం గొప్పగా చెప్పుకునే ప్రతి గుణానికీ అక్కడ ఒక మార్కు పడుతుంది.

కోనోకార్పస్ అనే చెట్టు మా దగ్గర లారీలకి లారీలు వెళ్ళింది, రోడ్డు డివైడర్లకీ లేఅవుట్లకీ. కారణం సరిగ్గా అవే గుణాలు. 2023లో గుజరాత్ దాన్ని నాటొద్దని ఆపేసింది. అప్పట్నుంచి మా దగ్గరా అడిగేవాళ్ళు తగ్గారు.

మన దగ్గర కూడా రూలు లేదనుకోకండి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది. బయటి నుంచి మొక్క తేవాలంటే పర్మిట్ కావాలి, అవతలి దేశం సర్టిఫికెట్ కావాలి, జాబితాలో లేని మొక్కకి ముందు రిస్క్ లెక్క తేలాలి. రానివ్వకూడని కలుపుల పట్టిక కూడా అందులో ఉంది. అయితే మాకు ఎదురయ్యేదాంట్లో ఎక్కువ భాగం పురుగు, తెగులు గురించే. ఈ మొక్క రేపు తుమ్మలా పాకుతుందా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగుంటే నేనేం చెప్పేవాణ్ణో నాకే తెలీదు, సరుకు అమ్ముకునేవాణ్ణి కదా.

కమలాపురం మనిషి:

కడియం గారూ, ఇంత నిజాయితీగా రాసినవాళ్ళని ఈ మధ్య చూళ్ళేదు.

సుమ గారూ, పనికొచ్చే మాట. బయటి నుంచి తీగ ముక్కలు, వేళ్ళు, పిలకలు వద్దే వద్దు. విత్తనాలైతే బైకాన్ అని ప్రభుత్వ సైటు ఉంది. మొక్క శాస్త్రీయ నామం కొట్టి చూస్తే ఏది ఏ షరతుతో రానిస్తారో చెప్తుంది. రానిచ్చేవి కూడా సీలు వేసిన ప్యాకెట్లో, మట్టీ పొట్టూ లేకుండా, పైన శాస్త్రీయ నామంతో ఉండాలి. న్యూస్‌పేపర్ పొట్లం కుదరదు. అన్నిటికంటే హాయైనది ఇక్కడే కొనుక్కోవడం. గోంగూర కావాలంటే రోసెల్లా అని అడగండి, క్వీన్స్‌లాండ్‌లో బాగా దొరుకుతుంది. కరివేపాకు మొక్కా దొరుకుతుంది గానీ, దానికి కాసే నల్ల పళ్ళు పిట్టలు తిని పక్క అడవిలో వేస్తున్నాయి. పూత దశలోనే గుత్తులు కత్తిరించండి. ఆకుకి ఏ నష్టం ఉండదు.

తెనాలి సుమ:

కరివేపాకు గుత్తులు ఇవాళే కత్తిరించాం. అమ్మే కత్తిరించింది, "కాకి కూడా బతకాలి కదే" అని గొణుగుతూ.

సాయంత్రం నర్సరీకి తీసుకెళ్ళి రోసెల్లా ప్యాకెట్ చూపించాను. బొమ్మలో ఎర్ర కాయలు, పక్కన జామ్ సీసా. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి అడిగింది: "ఆకు పారేసి పుల్లటి డిప్పలతో జామ్ చేసుకుంటారా వీళ్ళు?" అవునన్నాను. రెండు ప్యాకెట్లు తీసుకుంది.